వత్తుకు చోటు: ఒక ఉత్తరాల ప్యాడ్ తయారీ డైరీ

మే 25, 2025

బాబాయికి చెవులు దాదాపు పోయాయి. మిషను కొనిచ్చాం. పెట్టుకుంటే గోదావరి వంతెన మీద గూడ్సు బండి పోతున్నట్టుందని తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. వీడియో కాల్ చేస్తే నన్నూ పాపనీ చూసి నవ్వుతాడు, "ఆఁ?" అంటాడు, పిన్ని నా మాటని ఆయన చెవిలో అరుస్తుంది, ఆయన ఇంకోదానికి జవాబు చెప్తాడు. మొన్నటి పావుగంట కాల్‌లో ఆయనకి చేరిన సమాచారం ఒక్కటే: ఇక్కడ వాన.

అందుకని ఉత్తరాలు మొదలుపెడదామనుకున్నాను. ఆయన ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టర్‌గా రిటైరైనవాడు. ఉద్యోగమంతా రైలు పెట్టెలోనూ స్టేషను పక్క గదిలోనూ ఉత్తరాలు విడదీయడమే. ఉత్తరం విలువ ఆయనకి నేను చెప్పక్కర్లేదు.

నేనుండేది టోక్యోలో, నిషికసాయిలో. ఇక్కడికొచ్చిన పదకొండేళ్ళలో నేను కూడబెట్టినవాటిలో బంగారం కంటే కాగితాలే ఎక్కువ. ఇక్కడ స్టేషనరీని బుంబోగు అంటారు. ఆఫీసులో రోజు బాగా లేకపోతే స్టేషను దగ్గర బుంబోగు కొట్లో దూరి ఇరవై నిమిషాలు ఏమీ కొనకుండా తిరుగుతాను. (ఏమీ కొనకుండా అన్నది అబద్ధం.) ఆ అరల ముందు మనసు కుదుటపడడానికి కారణం అందం ఒక్కటే కాదు. ఎక్కడ చెయ్యి తడబడుతుందో ముందే ఎవరో ఆలోచించి పెట్టి ఉంటారు. గీతల్లేని ఉత్తరాల ప్యాడ్ కొంటే, పంక్తులు వంకర పోకుండా కాగితం కింద పెట్టుకోవడానికి గీతలున్న తావు ఒకటి లోపలే ఉంటుంది. మనం అడగలేదు. పెట్టారు.

కానీ ఆ ఆలోచించిన చెయ్యి జపనీస్ రాసే చెయ్యి. ఇవాళ డెస్కు సొరుగులోంచి మంచి ప్యాడ్ ఒకటి తీసి "పూజ్యులైన బాబాయిగారికి" అని మొదలుపెట్టాను. "జ్యు" కింద యావత్తు వెళ్ళి కింది పంక్తిలోని గుడి మీద కూర్చుంది. నాలుగు పంక్తులయ్యేసరికి పేజీ సంక్రాంతి ముందు రోజు రాజమండ్రి స్టేషనులా తయారైంది. జపనీస్ అక్షరం ఒక గడిలో బుద్ధిగా కూర్చుంటుంది. మనది కూర్చోదు. తల మీద తలకట్టు, కాళ్ళ కింద వత్తు, పక్కన కొమ్ము.

కొకుయో వాళ్ళ క్యాంపస్ నోట్‌బుక్కు 1975 నుంచి వస్తోంది. జపాన్‌లో చదువుకున్నవాళ్ళలో దాన్ని వాడనివాళ్ళు దొరకడం కష్టం. అందులో ఏ గీత అంటే 7 మిల్లీమీటర్లు, బీ గీత అంటే 6. రెండూ తెలుగుకి చాలవు. కాబట్టి ఈ ఎండాకాలం పని: జపాన్ కాగితంతో తెలుగు ఉత్తరాల ప్యాడ్ చేయడం. ప్యాడ్, కింద పెట్టుకునే గీతల అట్ట, కవర్లు, మూడూ.

మే 31

కాగితం వేటకి గింజా వెళ్ళాను. పని ఉన్నది ఒక చోట, తిరిగింది మూడు చోట్ల.

ఇతోయా 1904 నాటి కొట్టు. బయట ఎర్ర పేపర్ క్లిప్పే దాని బోర్డు. రెండో అంతస్తులో కూర్చుని ఉత్తరం రాసుకోడానికి బల్ల ఉంది, పక్కనే పోస్టు డబ్బా ఉంది. కార్డు కొనడం, రాయడం, వేసేయడం, అన్నీ అక్కడే. ఒక పెద్దావిడ గొడుగు కాళ్ళ దగ్గర పెట్టుకుని రాస్తోంది. మధ్యలో ఆగి కిటికీలోకి చూస్తుంది, మళ్ళీ రాస్తుంది. వెనకాల ఎవరూ తొందర పెట్టడం లేదు.

అక్కణ్ణించి నాలుగడుగులు వేస్తే క్యూక్యోదో. 1663లో క్యోటోలో మందుల దుకాణంగా మొదలై ఇప్పుడు అగరుబత్తులు, కుంచెలు, ఉత్తరాల కాగితాలు అమ్ముతోంది. ఆ కొట్టు ముందున్న రోడ్డు పన్నుల శాఖ లెక్కల్లో దశాబ్దాలుగా జపాన్ మొత్తమ్మీద అత్యంత ఖరీదైన నేల. ఆ నేల మీద నిలబడి అమ్ముతున్నది అరచేయంత కాగితపు ముక్కలు! ఇప్పిత్సుసెన్ అంటారు వాటిని. పొడుగ్గా సన్నగా ఉండి నాలుగైదు పంక్తులకి సరిపోతాయి. ఎవరికైనా పుస్తకం తిరిగిచ్చేటప్పుడో పళ్ళు పంపేటప్పుడో పైన పెడతారు. ఉత్తరం రాసేంత తీరిక లేదు, ఊరికే పంపడానికి మనసొప్పదు అనేటప్పుడు పనికొచ్చే కాగితం. మనం పొరుగింటికి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వం కదా, అదే మర్యాద. హైడ్రాంజియా పూలవి ఒక కట్ట కొన్నాను. ప్రాజెక్టుకి సంబంధం లేదు. ఖర్చు లెక్కలో రాయను.

అసలు కాగితం వేరే కొట్లో దొరికింది: తొమోయే రివర్, ఏ4 విడి తావులు, వంద. చదరపు మీటరుకి 52 గ్రాములు. ఉల్లిపొరలా ఉంటుంది, పట్టుకుంటే గలగలమంటుంది, అయినా పెన్ను సిరా వెనక్కి దిగదు, పక్కకి పాకదు. ముందు తొమోయెగావా కంపెనీ చేసేది, వాళ్ళు మానేశాక సాన్‌జెన్ అనే కాగితాల కంపెనీ చేస్తోంది. పాతదే బాగుందనీ కొత్తదే నయమనీ పెన్నుల పిచ్చివాళ్ళ మధ్య తగువు ఇంకా తెగలేదు. నాకు తేడా తెలియదు, తెలిసేంత పాతది నా దగ్గర లేదు.

నాకు ఇది ఎందుకంటే, ఒకటి, కింద గీతల అట్ట పెడితే గీత స్పష్టంగా పైకి కనిపిస్తుంది. రెండు, బరువు. ఏ5 తావు ఒకటి 1.6 గ్రాములు. ఆరు తావులు రాసినా పది గ్రాములు దాటదు. విమానం ఎక్కే ఉత్తరానికి అది ముఖ్యం.

జూన్ 1

పొద్దుటంతా కొలతలు. బాబాయికి నేను తప్పకుండా రాయబోయే మాటలు ఒక తావు మీద నా మామూలు దస్తూరీలో రాశాను: రాజమండ్రి, జ్యేష్ఠం, స్త్రీ, రాష్ట్రం, వర్షాలు, పుష్కరాలు (2027వి, ఆయన ఇప్పట్నించే ఆ గోలలో ఉన్నాడు), కృష్ణవేణి (పిన్ని కాదు, ఆవు). స్కేలు పెట్టి కొలిచాను.

అక్షరం ఒళ్ళు 4 మిల్లీమీటర్లు. పైన తలకట్టుకీ గుడికీ 2. కింద మామూలు వత్తుకి 3. "స్త్రీ", "ష్ట్ర" లాంటి రెండు వత్తులవాళ్ళకి ఇంకో ఒకటిన్నర. మొత్తం పదిన్నర. గాలి ఆడడానికి అర కలిపితే 11.

ఇంకో సంగతి బయటపడింది. ఇక్కడి పెన్నుల పాళీలు సన్నం. జపాన్ కంపెనీల ఎఫ్ (ఫైన్, అంటే సన్నం) పాళీ గీసే గీత, యూరప్ కంపెనీల ఇ.ఎఫ్. (ఎక్స్‌ట్రా ఫైన్) అంత ఉంటుంది. పన్నెండు గీతలున్న కాంజీ అక్షరాన్ని చిన్న గడిలో పట్టించాలి కాబట్టి అలా చేస్తారు. తెలుగు రాస్తే ఆ సన్నపాళీ గుండ్రం తిరిగేచోట కాగితాన్ని గీకుతుంది. మన అక్షరాలకి గుండ్రాలే ఎక్కువ. తాటాకు మీద ఘంటంతో అడ్డగీత లాగితే ఆకు చీలుతుంది, అందుకే గుండ్రమయ్యాయి అంటారు. కారణం ఏదైనా, ఎమ్ (మీడియం) పాళీకి మారాను. "అ" రాస్తే స్కేటింగు చేసినట్టుంది. పాప కకునో పెన్ను (పాళీ మీద నవ్వు మొహం చెక్కి ఉంటుంది, సరిగ్గా పట్టుకుంటే ఆ మొహం మనకి కనిపిస్తుంది) తీసుకుని తన పేరు రాసుకుంది. దానికి 11 మిల్లీమీటర్లు కూడా చాలలేదు.

జూన్ 7

ఇవాళ్టిది రాసుకోడానికి సిగ్గుగా ఉంది.

గీతల అట్టకి నమూనా గీశాను. తప్పులు దిద్దుకోవచ్చని రుద్దితే చెరిగే పెన్నుతో గీశాను. మొదట అత్యాశకి పోయి 8 మిల్లీమీటర్లతో గీశాను, బాగోలేదని రుద్దేశాను, అదే తావు మీద 11తో మళ్ళీ గీశాను. రెండు గంటలు పట్టింది. పని అయిందన్న సంతోషంలో టీ పెట్టుకుని, గ్లాసు తెచ్చి దాని మీదే పెట్టాను. తీసేసరికి నడుమ గుండ్రంగా ఒక్క గీత లేదు. చందమామలా తెల్లగా ఉంది.

ఆ పెన్నులో చెరపడమంటే నిజానికి చెరపడం కాదు. రుద్దితే పుట్టే వేడికి, 60 డిగ్రీల దగ్గర, సిరా రంగు కోల్పోతుంది, అంతే. సిరా కాగితం మీదే ఉంటుంది. బాగా చల్లబరిస్తే రంగు తిరిగొస్తుంది. తావుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్లో బఠాణీల పక్కన పడుకోబెట్టాను. రాత్రికి తీసి చూస్తే గీతలన్నీ వచ్చాయి. అన్నీ అంటే అన్నీ. పొద్దున్న రుద్దేసిన 8 మిల్లీమీటర్ల గీతలతో సహా. ఇప్పుడది గీతల అట్ట కాదు, వీణ తంత్రులు.

మళ్ళీ గీశాను. ఈసారి ఆరితే చెరగని 0.3 పెన్నుతో. అక్షరం కూర్చునే గీత ముదురు, వత్తు దిగే హద్దు చుక్కలు. పేజీకి 16 పంక్తులు.

జూన్ 14

కోత. త్సుయు వచ్చింది, అంటే ఇక్కడి వానాకాలం. కాగితం తేమ పీల్చి అంచులు లేస్తోంది.

ఏ4ని నడిమికి కోస్తే రెండు ఏ5లు. ఐదేసి తావులు పేర్చి, ఉక్కు స్కేలు ఆనించి, ఓల్ఫా కత్తితో. మొద్దుబారిన మొనని విరిచేస్తే కొత్త మొన వచ్చే ఈ కత్తి 1956లో ఒసాకాలో పుట్టింది. చెప్పులు కుట్టేవాళ్ళు గాజుపెంకు మొద్దుబారితే విరిచి వాడుకోవడమూ, చాక్లెట్ బిళ్ళ గీతల దగ్గర విరగడమూ చూసి కనిపెట్టారట. ఓరు అంటే విరవడం, హా అంటే కత్తి మొన. పేరు అలా వచ్చింది. నేను మాత్రం మొన విరవడానికి పిసినారితనం చేసి, ఆ ఫలితంగా మొదటి ఇరవై రెండు తావుల అంచులు ఎలుక కొరికినట్టు వచ్చాయి. మిగతా అన్నిటికీ ప్రతి పది కోతలకీ మొన విరిచాను. సంసారంలో ఏది దండుగో ఏది పొదుపో ఈ వయసుకి కూడా తెలియడం లేదు.

కోయబోయే ముందు భయపడ్డది వేరేదానికి. మిషను మీద తయారయ్యే కాగితంలో నారలు ఒకే వైపు పరుచుకుంటాయి. ఇక్కడ కాగితాల కొట్లలో ఆ దిశ పేకెట్ మీదే రాసి ఉంటుంది: తాతెమె అంటే నార నిలువు, యోకొమె అంటే అడ్డం. నార వెంబడి మడిస్తే కాగితం చక్కగా మడత పడుతుంది. నారకి అడ్డంగా మడిస్తే మొండికేస్తుంది, తేమకి ముడతలు తేలుతుంది. జిగురు పెట్టే అంచు కూడా నార వెంబడే ఉండాలి. నా ఏ4 తాతెమె. అంటే నార పొడుగువైపు. అయ్యో, తప్పు రకం కొన్నానా అని కాసేపు తల పట్టుకున్నాను. కానీ అడ్డంగా కోసి ఏ5 చేస్తే లెక్క తిరగబడుతుంది: ఏ4 వెడల్పు ఏ5కి పొడుగు అవుతుంది, నార అడ్డానికి వస్తుంది. ప్యాడ్‌కి జిగురు పెట్టేది పైన అడ్డ అంచుకే. ఉత్తరాన్ని మడిచేదీ నడుమ అడ్డంగానే. రెండూ నార వెంబడే. తెలివి కాదు, అదృష్టం. ఒప్పుకుంటున్నాను.

జూన్ 15

నలభై తావులు పేర్చి, పై అంచు సమం చేసి, బట్టల క్లిప్పులు పెట్టి, తెల్ల జిగురు పూశాను. ఉల్లిపొర కాగితం కాబట్టి తావుల మధ్య సందుల్లోకి జిగురు దిగింది. ఆరాక చూస్తే పదిహేడు తావులు పై అంచు నుంచి వేలెడంత మేర ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. లాగితే చిరుగుతున్నాయి. పాపకి బొమ్మలేసుకోడానికి ఇచ్చేశాను. అది అతుక్కున్న తావులే కావాలంది, "మందంగా ఉన్నాయి" అని.

జూన్ 21

ఈసారి బట్టల క్లిప్పులు కాదు. రెండు చెక్కముక్కల మధ్య పెట్టి బిగింపు మరలతో పిండాను. కట్ట రాయిలా అయ్యేదాకా బిగించాక, పల్చగా ఒక పూత. ఆరనిచ్చి రెండో పూత. అది తడిగా ఉండగానే పల్చటి నేతబట్ట పేలిక ఒకటి అంచు మీద పరిచి, పైన మూడో పూత. బైండింగువాళ్ళు పుస్తకాల వెన్నుకి వేసే గుడ్డ అదే. అడుగున ఒక గట్టి అట్ట. రాత్రంతా అలాగే వదిలేశాను.

పొద్దున్న మరలు విప్పి మొదటి తావు లాగాను. సర్ర్‌మని ఊడొచ్చింది, చిరగకుండా, అంచున చిన్న తెల్ల మరక కూడా లేకుండా. రెండోది లాగాను. మూడోది కూడా లాగాను. అవసరం లేదు, ఆ చప్పుడు కోసం.

జూన్ 23

ఇవాళే రాయాలని పట్టు పట్టాను. జపనీస్‌లో రెండుని ఫు, మూడుని మి అని పలకొచ్చు. ఫుమి అంటే ఉత్తరం. అందుకని ప్రతి నెలా 23వ తేదీని తపాలావాళ్ళు ఉత్తరాల రోజు చేశారు, 1979 నుంచి. దాన్ని పట్టుకుని నెలకో ఉత్తరం అనుకుంటే నాకూ తప్పించుకోడానికి ఉండదు.

ప్యాడ్ ఉంది, గీతల అట్ట ఉంది, నీలం సిరా నింపిన పెన్ను ఉంది. మాట లేదు. అరగంట కూర్చున్నాను.

జపనీస్ ఉత్తరంలో ఈ ఇబ్బంది లేదు. పద్ధతిగా రాస్తే మొదట హైకెయి, అంటే వందనపూర్వకంగా విన్నవించుకునేది. తరవాత రుతువు గురించి ఒక వాక్యం. జూన్ అయితే వాన, హైడ్రాంజియాలు. ఆ తరవాత ఎదుటివారి కుశలం. అప్పుడు విషయం. చివర కెయిగు, అది ముగింపు మాట. అంత తీరిక లేకపోతే జెన్‌ర్యకు, "ముందుమాటలు వదిలేస్తున్నాను" అని ఒక్క మాట రాసి విషయంలోకి దిగొచ్చు, అప్పుడు చివర మాట కూడా మారుతుంది. వదిలేయడానికి కూడా పద్ధతి ఉంది! ఇదంతా బిగుసుకుపోయిన వ్యవహారమని మొదట్లో నవ్వుకునేదాన్ని. ఖాళీ కాగితం ముందు కూర్చున్నప్పుడు తెలిసింది, అది మెట్లకి పక్కన కట్టిన పిట్టగోడ.

మనకీ ఉండేది కదా. తాతయ్య కార్డులన్నీ ఒకేలా మొదలయ్యేవి. అది గుర్తొచ్చాక చెయ్యి కదిలింది. "పూజ్యులైన బాబాయిగారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ వానలు పట్టాయి. మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అలా పదహారు పంక్తులు. పేజీ నిండింది, నా దగ్గరున్నదీ అయిపోయింది.

ఒక్క తావు ఉత్తరం పంపడం ఇక్కడ మరీ పొడిగా ఉంటుందని, వెనకాల ఖాళీ తావు ఒకటి జత చేసే అలవాటు ఉంది. నేనూ చేశాను. ఈ కాగితం మీద సిరా ఆరడానికి చాలాసేపు పడుతుంది, అందులోనూ తేమ. తొందరపడి మడిస్తే రెండు సగాలూ ఒకదానికొకటి అచ్చేసుకుంటాయి, అందుకని అద్దుడు కాగితం పెట్టి మడిచాను. ఒక విషయంలో మనం అదృష్టవంతులం: జపనీస్ నిలువు రాత కుడి నించి ఎడమకి నడుస్తుంది, కుడిచేతివాటం వాళ్ళ చెయ్యి తడి సిరా మీదుగానే పోవాలి. మనకి ఆ బాధ లేదు.

కవరు ఇంకా తయారు కాలేదు. ఇంట్లో ఉన్న మామూలుది వాడాను. చిరునామా కూడా అదే నీలం సిరాతో.

జూలై 12

జవాబు వచ్చింది! నేను పంపిన ఖాళీ తావు మీదే రాశాడు. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"శ్రీరామ. రాజమండ్రి, 2-7-25. చి.సౌ. అమ్మాయికి బాబాయి ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నీ ఉత్తరం నిన్న చేరింది. కవరు మీద వాన పడింది. నా పేరు సగం పోయింది, వీధి మొత్తం పోయింది, 533 మిగిలింది. మిగిలింది కాబట్టే వచ్చింది. ఏడు గళ్ళున్న కవరులో ఆరంకెలు వేసి ఒక గడి ఖాళీ వదిలావు. నేను డ్యూటీలో ఉంటే ఏడో అంకె ఎక్కడ రాలిపోయిందోనని వెతుక్కునేవాణ్ణి. ఇంకో కాగితం ఖాళీగా పంపావు, మర్చిపోయావు కాబోలు. దండుగ ఎందుకని దాని మీదే రాస్తున్నాను. అక్షరం బాగుంది. కానీ పదహారు పంక్తులకే పేజీ నిండిపోతే రాసేవాళ్ళకి హాయి, చదివేవాళ్ళకి ఏం మిగిలింది? ఆవు ఈనింది, పెయ్య. అన్నిచోట్లా మీరు మీరు అని రాశావు. నేనేం తప్పు చేశాను?"

నవ్వాను. తరవాత కాసేపు నవ్వలేకపోయాను. ఊహ తెలిసినప్పట్నించీ ఆయన్ని నువ్వు అనే పిలిచాను. కాగితం మీదకొచ్చేసరికి తాతయ్య కార్డుల్లోని మర్యాద నా చేతిలోకి దిగి కూర్చుంది.

ఆ ఏడు గళ్ళు జపాన్ పిన్‌కోడ్‌వి. 1998 నుంచి ఏడంకెలు, కవర్ల మీద ఎర్రగళ్ళు ముందే అచ్చేసి ఉంటాయి. మనది ఆరంకెల పిన్, 1972 ఆగస్టు 15న వచ్చింది. అందులో మొదటి 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల వైపు, మొదటి మూడంకెలూ కలిస్తే ఏ సార్టింగు జిల్లాకో తెలుస్తుంది. 533 అంటే ఆయన రోజూ విడదీసిన కట్ట. నేను కాదు, ఆ మూడంకెలే ఉత్తరాన్ని మోసుకెళ్ళాయి.

ఆయన రాసిన పెన్ను నాకు తెలుసు. రత్నం పెన్ను, రాజమండ్రిదే. గాంధీగారి స్వదేశీ పిలుపుకి కె.వి. రత్నంగారు 1932లో మొదలుపెట్టిన ఆ పెన్నులది పెద్ద కథ. ఈ కాగితం మీద దాని గీత ఎంత శుభ్రంగా పడిందో! ఎక్కడా పాకలేదు. గీతల అట్ట లేదు కాబట్టి పంక్తులు మాత్రం పుష్కరఘాట్ మెట్లు దిగినట్టు కుడివైపుకి దిగిపోయాయి.

జూలై 13

చేయాల్సిన పనులు మూడు: పంక్తులు దగ్గర చేయడం, గళ్ళు లేని కవరు, నీటికి ఆగే సిరా.

గీతల అట్ట విడిగా ఉండడంలో సుఖం ఇక్కడే తెలిసింది. ప్యాడ్‌ని ముట్టుకోనక్కర్లేదు. కొత్త అట్ట గీస్తే చాలు. అక్షరం ఒంటిని మూడున్నరకి తగ్గించి, పై పంక్తి వత్తూ కింది పంక్తి గుడీ ఒకే ఖాళీని పంచుకునేలా 9.5కి దించాను. రెండు వత్తుల మాట వస్తే కింది పంక్తిలో దాని కింద చోటు చూసుకుని రాయాలి. ఇన్‌లాండు లెటర్లో అందరూ చేసింది అదే. పేజీకి 20 పంక్తులు.

కవరుకి సులువైన దారి: కొన్న కవరు ఒకటి ఆవిరి పట్టి అతుకులు ఊడదీసి, విప్పిన ఆకారాన్ని అట్ట మీద గీసుకుని కత్తిరించుకున్నాను. కొలత 114, 162 మిల్లీమీటర్లు. ఏ5ని ఒక్క మడత వేస్తే లోపల సరిగ్గా పడుతుంది. మొదట ఉత్సాహంగా వాషి అనే జపాన్ కాగితం తెచ్చాను, కోజో చెట్టు బెరడు నారతో చేసినది. లాగినా చిరగదు, కానీ దాని మీద పెన్ను సిరా అప్పడం మీద నూనెలా పాకింది. వాషి కుంచెకి, ముద్రకి. సరే, దాన్ని లోపలి పొరగా వేసి, బయటికి మామూలు మందపు తెల్లకాగితం వాడాను. పరామర్శ ఉత్తరాలకి మాత్రం ఇలా రెండు పొరల కవరు ఇక్కడ వాడరు. కష్టం రెట్టింపవుతుందని. మనం పెళ్ళి శుభలేఖకి పసుపు రాసి, చావు కబురు కార్డుని చదివి గుమ్మం బయటే చింపేయడం లాంటిదే.

సిరా: ప్లాటినం కార్బన్ బ్లాక్. మసి రేణువులతో చేసినది కాబట్టి ఆరాక నీళ్ళకి కరగదు. నమూనా కవరు మీద చిరునామా రాసి కుళాయి కింద పెట్టాను. కాగితం మెత్తబడింది, అక్షరం కదల్లేదు. ఈ సిరా పెన్నులో ఎండిపోతే పట్టేస్తుందట, అందుకని చిరునామాలకని ఒక చౌకపాటి పెన్ను కేటాయించాను.

జూలై 23

ఈ నెల 23కి ప్రత్యేకత ఎక్కువ. జూలైకి పాత పేరు ఫుమిజుకి, అందులోనూ ఉత్తరం ఉంది. ఏటా ఈ రోజుకి స్టాంపులు కూడా వేస్తారు.

నాలుగు తావులు రాశాను. "బాబాయ్, నువ్వు" అనే మొదలుపెట్టాను. హైకెయి లేదు, వందనాలు లేవు. కానీ రుతువు వాక్యాన్ని ఉంచుకున్నాను, అది నాకు నచ్చింది: "ఇక్కడ వానలు వెళ్ళాయి, చిమ్మటలు అరుస్తున్నాయి, నీకు వినపడేంత గట్టిగా." ఆ చివరి ముక్క ఉంచనా తీసేయనా అని పది నిమిషాలు ఆలోచించాను. వాట్సాప్‌లో అయితే ఆలోచించేదాన్ని కాదు. ఉంచాను. ఆయన నవ్వుతాడు.

కవరు మడత మీద అంటించడానికి ఎంటీ టేపు. దాని కథ బాబాయికి కూడా రాశాను. కురాషికిలో కామోయి అనే కంపెనీ, 1923లో ఈగలు పట్టే జిగురు కాగితంతో మొదలైంది. తరవాత రంగులేసేవాళ్ళు గోడ అంచులకి అంటించుకునే టేపు చేసేది. 2006లో టోక్యోలో ముగ్గురు ఆడవాళ్ళు ఆ టేపు మీద ప్రేమతో చిన్న పుస్తకం చేసుకుని, మీ ఫ్యాక్టరీ చూస్తామని వాళ్ళకి రాశారు. గోడలకేసే టేపుతో వీళ్ళకేం పని అని కంపెనీవాళ్ళు ముందు తికమకపడ్డారట. అక్కణ్ణించి మొదలై 2008 నాటికి రంగురంగుల ఎంటీ టేపు బజార్లోకి వచ్చింది. టేపు మీద అడ్డంగా ఇక్కడివాళ్ళు వేసే షిమె గుర్తు వేశాను, మన గుణకారం గుర్తుకి తోక పెట్టినట్టుంటుంది. మధ్యలో ఎవరూ విప్పలేదని దానర్థం. పాప పక్కనే "చిన్నతాతా" అని రాసింది, రెండు పంక్తుల ఎత్తున.

వంటింటి తక్కెడలో తూచాను. కవరూ టేపూ అన్నీ కలిపి 13 గ్రాములు.

ఆగస్టు 16

జవాబు. ఈసారి ఎయిర్‌మెయిల్ కవరులో, ఏదో నోట్సులోంచి చింపిన తావు మీద. సిరా పాకి అక్షరాలకి మీసాలు వచ్చాయి. పంక్తులు మళ్ళీ మెట్లు దిగాయి.

మొదటి పేరా అంతా కవరు గురించే. చిరునామా చెక్కుచెదరలేదట. పిన్ను ఎక్కడ ఉండాలో అక్కడ ఉందట, కానీ స్టాంపు అంచుకి మరీ దగ్గరగా వేశానట, ముద్ర సగం బయటికి పోయిందట. టేపు కథ పిన్నికి చదివి వినిపిస్తే, ఈగల కాగితం మన కిరాణా కొట్టులో కూడా వేలాడేది కదా అందట. పెయ్యకి పేరు పెట్టలేదు, పాపని పెట్టమన్నాడు. చిమ్మటల మాటకి జవాబు లేదు. చివర్న ఇది:

"నీ కాగితం మీద రాశాక ఈ కాగితాల మీద నా పెన్ను మొరాయిస్తోంది. ఒక కట్ట పంపు. కింద పెట్టుకునే గీతల అట్ట కూడా పంపు. కానీ నీ గీతలు నాకు చాలవు. కళ్ళు తగ్గాయి. పన్నెండు చెయ్యి, గీత నల్లగా వెయ్యి."

లెక్క చూసుకున్నాను. కోసిన తావుల్లో ఇంకా నూట ముప్పై దాకా మంచివి ఉన్నాయి, రెండు ప్యాడ్లకి ఢోకా లేదు. నేతబట్ట పేలిక కొనాలి. 12 అంటే పేజీకి 15 పంక్తులు, మొన్న నా 16కే దండుగ అన్న మనిషి. ఆ మాట ఉత్తరంలో రాస్తాను.

రేపు ఆదివారం, గీతలు గియ్యాలి. టీ వంటింట్లోనే తాగుతాను.